తడి మీద రంగు

మా ల్యాబులో ఒక పుస్తకం ఉంది. అట్ట మీద ఎర్ర సిరాతో "తప్పులు" అని మాత్రమే రాసి ఉంటుంది. ఎవరు ఏ పొరపాటు చేసినా తమ చేత్తో తామే అందులో రాసి సంతకం పెట్టాలి. శనివారం సాయంత్రం ఇళ్ళకి పోయే ముందు ఆ వారం తప్పుల్ని అందరి ముందూ పైకి చదవాలి. ఈ దిక్కుమాలిన పద్ధతి పెట్టింది మా రంగులక్క. చేరిన కొత్తలోనే అందులో నా పేరు పదకొండుసార్లు ఎక్కింది. పదకొండోసారి చదివిన రోజున నేను బాత్రూములోకి పోయి ఏడ్చాను. బయటికొచ్చేసరికి ఆవిడ టీ కప్పు పట్టుకుని తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"ఏడుపయిందా? చల్లారిపోతోంది, తాగు" అంది.

ఓదార్చడం ఆవిడకి అంతవరకే వచ్చు.

మా ల్యాబు ఆసుపత్రిలో కింది అంతస్తులో, నడవా చివర ఉంటుంది. రోగులెవరూ అటు రారు. ఆపరేషన్లో తీసిన గడ్డలు మూత పెట్టిన బకెట్లలో వస్తాయి. గడ్డ బయటికొచ్చిందంటే ఇంట్లోవాళ్ళు అమ్మయ్య అనుకుంటారు. మా పని అప్పుడే మొదలవుతుంది. గడ్డ మొత్తం వచ్చిందా, లోపల ఇంకా ఏమైనా మిగిలిందా అన్నది తేల్చాల్సింది మేము. అందుకని కోసే ముందే గడ్డ పైభాగమంతా రంగులు పూస్తాం. చర్మం వైపు పసుపు, ఎముక వైపు నీలం, నరం వైపు నలుపు, ఇలా ఒక్కో వైపుకి ఒక్కో రంగు. తర్వాత బ్రెడ్డు కోసినట్టు పలకలుగా కోసి, వాటిలోంచి చిన్న ముక్కలు తీసి, మైనంలో పెట్టి, ఉల్లిపొర కన్నా పల్చగా గీసి గాజుపలక మీద పరుస్తాం. డాక్టరమ్మ దాన్ని మైక్రోస్కోపులో చూస్తుంది. రోగానికీ రంగుకీ మధ్య ఖాళీ ఉంటే గడ్డ శుభ్రంగా వచ్చినట్టు. రోగం రంగుని అంటుకుని ఉంటే, దాని తోబుట్టువేదో లోపలే ఉండిపోయిందని అర్థం. అప్పుడు మళ్ళీ కోత.

ఆ రంగులు పూసే పని ముప్ఫై ఒక్క ఏళ్ళుగా రంగులక్కదే. ఎంత కడిగినా ఆవిడ గోళ్ళ సందుల్లో ఏదో ఒక రంగు ఉండేది. పెళ్ళయిన కొత్తలో అత్తగారు ఆ చేతులు చూసి వంటింట్లోకి రావద్దందట. "అయితే మీరే వండండత్తయ్యా, నాకేం అభ్యంతరం లేదు" అని ఈవిడ మంచమెక్కి పుస్తకం పట్టుకుందట. వారం తిరక్కుండానే అత్తగారికి రంగులన్నీ అలవాటయిపోయాయి. భర్త మోటార్లకి వైండింగ్ చేసే మనిషి. ఆయన చేతులు గ్రీజుతో, ఈవిడ చేతులు సిరాతో. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు గానీ, చేతులు కడుక్కునే దగ్గర మాత్రం ఒకరి వేళ్ళు ఒకరు చూసుకుని ఆ రోజు పని ఎలా గడిచిందో చెప్పేసుకుంటారని ఆవిడే నాతో అంది.

కొత్తగా చేరిన ఎవరికైనా ఆవిడ నేర్పే మొదటి పాఠం ఒకటే. తుడవకుండా రంగెయ్యొద్దు. తడిగా ఉన్న గడ్డ మీద రంగు నిలబడదు, కారుతుంది. ఎక్కడ సన్నటి చీలిక ఉంటే అక్కడికి దిగి లోపల కూర్చుంటుంది. పైనుండాల్సిన రంగు లోపల కనిపిస్తే డాక్టరమ్మ దాన్నే అంచు అనుకుంటుంది. అందుకని మెత్తటి కాగితంతో ఒత్తి, తిప్పి, మళ్ళీ ఒత్తి, ఆరాకే కుంచె ముట్టుకోవాలి. ఈ మాట నాకు కలలో కూడా వినిపించేది.

ఒక ఏడాది మా గోడ పెచ్చులూడిపోతే రంగు వెయ్యడానికి ఒకాయన్ని పంపారు. ఆరడుగుల పైన పొడుగు. ఆ పొడుగుకి నిచ్చెన అక్కర్లేదు గానీ ఎప్పుడు చూసినా నిచ్చెన మీదే ఉంటాడు గనక అందరూ నిచ్చెన మేస్త్రి అంటారు. వచ్చినవాడు పాత సున్నమంతా గీకేసి, గోడకి అరచెయ్యి ఆనించి చూసి, బ్రష్షు సంచీలో పెట్టేసుకున్నాడు.

"చెమ్మగా ఉందక్కగారూ. ఆరాలి. తడి మీద వేస్తే నాలుగు నెలలకి మళ్ళీ నన్నే తిట్టుకుంటారు."

ఎంతకీ ఆరదే! తొమ్మిది రోజులు మేము దుమ్ములో పనిచేశాం. రోజూ వచ్చి అరచెయ్యి ఆనించడం, తల అడ్డంగా ఊపడం, పోవడం. నాకు ఒళ్ళు మండిపోయింది. ఊరందరితో పోట్లాడే రంగులక్క మాత్రం మురిసిపోయింది. "ఈయన్ని మన ల్యాబులో వేసుకోవాలే, నిన్ను గోడలకి పంపాలి" అంది.

రంగేస్తున్న రోజుల్లోనే ఆయన నిచ్చెన దిగుతూ ఎడమ తొడ వెనక చెయ్యి పెట్టుకోవడం ఆవిడ కంట పడింది.

"ఏమైంది?"

"ఏం లేదక్కా. మూడేళ్ళ కిందట ఒక చిన్న ఆసుపత్రిలో అక్కడ గడ్డ తీయించుకున్నా. మళ్ళీ వచ్చినట్టుంది."

"అప్పుడు పరీక్షకి పంపారా?"

"పరీక్షెందుకు? కొవ్వుగడ్డే అని పారేశారు."

రంగులక్క మొహం మారిపోయింది. చర్మం కింద చేతికి మెత్తగా జారే కొవ్వుగడ్డలు ఊళ్ళో సగం మందికి ఉంటాయి, వాటి వల్ల ఏ హానీ లేదు. కానీ కండ లోపల లోతుగా పెరిగి, పెద్దదై, తీశాక మళ్ళీ అక్కడే తలెత్తేదాన్ని నమ్మడానికి లేదు. అందులో ఒక రకం ఉంది. చూడ్డానికి కొవ్వులాగే ఉంటుంది, ఒంట్లో ఇంకెక్కడికీ పాకదు, నెమ్మదస్తురాలు. అయితే ఆనవాలు మిగిలితే చాలు, పట్టు వదలకుండా మళ్ళీ పెరుగుతుంది. ఏళ్ళ తరబడి అలా ఉన్నదానిలో, మంచి పాలు ఒక మూల విరిగినట్టు, ఎక్కడో ఒక చోట బుద్ధి మారి అసలు క్యాన్సరు కావచ్చు. అందరికీ మారదు. ఎవరికి మారుతుందో ముందుగా చెప్పే మొనగాడు ఎవడూ లేడు.

ఆవిడ ఉడుంపట్టు పట్టింది. పొద్దున్నే ఆయన బ్రష్షు తీయకముందే "సర్జను దగ్గరికి వెళ్ళావా?" సాయంత్రం దిగగానే "రేపు వెళ్తున్నావా?" చివరికి ఆ పోరు పడలేక ఆయన వెళ్ళాడు. స్కాన్ తీశారు. బత్తాయంత గడ్డ, తొడ వెనక కాలికి పోయే పెద్ద నరాన్ని ఒరుసుకుని ఉంది. ఆపరేషన్ చేసి, నరం మీంచి గడ్డని జాగ్రత్తగా ఒలిచి తీశారు.

ఆ గడ్డ మా బల్ల మీదికి వచ్చిన రోజే పైవాళ్ళు తనిఖీకి వచ్చారు. సూపరింటెండెంటుగారు నలుగురు పెద్దమనుషుల్ని వెంటేసుకుని, ముక్కులకి రుమాళ్ళతో లోపలికొచ్చారు. "ఈవిడ చెయ్యి చూడండి, ముప్ఫై ఏళ్ళ అనుభవం, ఎలా పూస్తుందో" అన్నారు. రంగులక్కకి పొగడ్తలు పడవనుకునేదాన్ని. ఆ రోజు చూశాను, బాగానే పడతాయి. బుగ్గలు ఎర్రబడ్డాయి. గడ్డని రెండుసార్లు ఒత్తి, కుంచె తీసుకుని, ఆరు రంగులూ ఆరు గీతల్లా పూసేసింది. చూస్తున్నవాళ్ళు "ఆహా" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. నరం వైపు ఒత్తలేదని నాకు అనిపించింది. అనిపించినా నోరు మెదపలేదు. ఆవిడకి చెప్పేంతదాన్నా నేను?

సోమవారం డాక్టరమ్మ స్లైడులు చూసింది. గడ్డలో చాలా భాగం ఆ నెమ్మదస్తురాలే. నరం వైపు మాత్రం పెసరగింజంత మేర బుద్ధి మారి ఉంది. పద్నాలుగో ముక్కలో ఆ మారిన చోటు నల్లరంగుని అంటుకుని కనిపించింది. గురువారం మధ్యాహ్నం డాక్టర్లంతా కూర్చునే మీటింగులో ఆ రిపోర్టు పెట్టాలి. రోగం నరం వైపు మిగిలిందంటే సర్జను చేసేది ఒక్కటే. మళ్ళీ కోసి, ఈసారి నరంతో సహా తీసేయడం. ఆ తర్వాత ఆ పాదం పైకి లేవదు. నిచ్చెన ఎక్కేవాడికి పాదం లేవకపోవడమంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

రంగులక్క ముక్కల పటం తీసి పద్నాలుగు ఎక్కడిదో చూసింది. కుర్చీలో కూలబడింది. నేనెప్పుడూ ఆవిడ పనివేళ కూర్చోగా చూడలేదు. ఒక్క నిమిషమే. లేచి నేరుగా డాక్టరమ్మ గదిలోకి నడిచింది. భయపడుతూనే నేనూ వెనకాలే వెళ్ళాను.

"డాక్టరమ్మా, పద్నాలుగో ముక్కలో రంగు మీద నాకు నమ్మకం లేదు."

"రంగు కనిపిస్తోంది కదా. ఉన్నది ఉన్నట్టు చూడమనేగా ఇన్నేళ్ళూ నా ప్రాణం తీశావు?"

"ఉండటం నిజమే. అక్కడ ఉండాల్సింది కాదు. నరం వైపు నేను తుడవలేదు."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఆయన నీకు తెలిసినవాడు. జాలితో అంటున్నావా?"

"జాలి వేరు, రంగు వేరు."

"నీ మాట నమ్మి నేను అంచు శుభ్రంగా ఉందని రాశాననుకో. అది తప్పయితే? రోగాన్ని లోపల పెట్టి ఇంటికి పంపినవాళ్ళమవుతాం. కాలు కాదు, మనిషే పోతాడు."

"అందుకే నా మాట నమ్మొద్దంటున్నా. గురువారం దాకా ఆగండి. ముక్కలనే అడుగుదాం."

బయటికొచ్చి ఆవిడ చేసిన మొదటి పని తప్పుల పుస్తకం తెరవడం. "తనిఖీ రోజున, నలుగురు చూస్తున్నారని, గడ్డని సరిగ్గా తుడవకుండా నరం వైపు నల్లరంగు పూశాను." కింద సంతకం.

"ఏం తేలుతుందో చూసి రాద్దాం అక్కా" అన్నాను.

"తేలాక రాస్తే తప్పు చిన్నదవుతుందా?"

"నేను చూశానక్కా. తుడవలేదని నాకు ఆ రోజే అనిపించింది. చెప్పలేదు."

తిడుతుందనుకున్నాను. పెన్ను నా చేతికిచ్చింది. అలా పన్నెండోసారి నా పేరు ఎక్కింది.

కోయగా మిగిలిన గడ్డని మేము కొన్ని వారాలు జాడీలో దాచి ఉంచుతాం. ఆ జాడీ దింపాం. నరం వైపు పలకలన్నీ తీసి, వరసగా పేర్చి, భూతద్దం కింద పెట్టి రంగులక్క చూసింది. పద్నాలుగుకి పక్క పలకలో వెంట్రుకంత చీలిక ఉంది. గడ్డని నరం మీంచి ఒలిచేటప్పుడు పడ్డదై ఉంటుంది. చీలిక ఉందని చెప్తే చాలదు. రంగు దానిలోంచే దిగిందనీ, అసలు అంచు దాని కన్నా బయట ఉందనీ చూపించాలి. ఆ వైపు మిగిలినదంతా ఇరవై రెండు ముక్కలు చేసి మైనానికి పెట్టాం. పద్నాలుగో మైనపు ముక్కని మిషను మీదికెక్కించి, మెట్లు దిగినట్టు ఒక్కో లోతులో ఒక్కో పొర గీస్తూ పోయాం.

ఆ రెండు రోజులూ ఆవిడ నోరు విప్పింది పని చెప్పడానికే. మైనం పొరలు గోరువెచ్చటి నీళ్ళ మీద తేలుతుంటే, నేను వాటిని గాజుపలక మీదికి ఎత్తుతుంటే, ఆవిడ వెనక నిలబడి ఊపిరి కూడా గట్టిగా తీసుకునేది కాదు. బుధవారం మధ్యాహ్నం టిఫిన్ బాక్సు తెరిచి తినకుండానే మూసేసింది. నాకు కోపమొచ్చి, "మీరు తినకపోతే ఆయన కాలు నిలబడుతుందా?" అని అరిచాను. ఆవిడ బుద్ధిగా బాక్సు తెరిచి తింది.

గురువారం పొద్దున్న స్లైడుల పళ్ళెం డాక్టరమ్మ ముందు పెట్టాం. ఒక్కొక్కటే చూస్తోంది. మొదటి మూడు లోతుల్లో నలుపు రోగాన్ని అంటుకునే ఉంది. రంగులక్క గోడకి ఆనుకుంది. నాలుగోది, ఐదోది. ఆరో స్లైడు దగ్గర డాక్టరమ్మ చెయ్యి ఆగింది. స్లైడుని ముందుకీ వెనక్కీ జరిపింది. లేచి తన కుర్చీలో రంగులక్కని కూర్చోబెట్టింది.

"చూడు."

తర్వాత నేనూ చూశాను. ఊదారంగు మేఘంలా రోగం. దాని పక్కనే చీలిక, రెండు పెదవులకీ నల్లరంగు అంటి, వాగులా పైకి పోయి గడ్డ ఉపరితలంలో కలిసింది. చీలికకి అవతల, సర్జను నరం మీంచి ఒలిచిన పల్చటి పొర రోగానికి ఎదురుగా ఉన్న మేర చిరగకుండా ఉంది. దాని బయటి అంచున ఇంకో నల్లగీత, తిన్నగా, తెంపు లేకుండా. అదీ అసలు అంచు. రోగం అక్కడిదాకా పోలేదు. మిగతా ఇరవై రెండు ముక్కల్లోనూ పోలేదు.

"శుభ్రంగానే ఉంది. కానీ చాలా దగ్గర. రెండు మిల్లీమీటర్లు కూడా లేదు" అంది డాక్టరమ్మ.

"ఉన్నంతే రాయండి. ఎక్కువ రాయొద్దు" అంది రంగులక్క.

మీటింగులో నరాన్ని ముట్టుకోవద్దని తేలింది. ఆ చోటికి రేడియేషన్ ఇచ్చి, మూడు నెలలకొకసారి స్కాన్ తీస్తూ కనిపెట్టుకుని ఉండాలన్నారు. మేమిక చేతులు దులుపుకుని కూర్చోవచ్చు. కానీ ఈవిడ పైకి, వార్డుకి బయల్దేరింది. మా డిపార్టుమెంటు పుట్టాక రోగి దగ్గరికి వెళ్ళిన మొదటి మనిషి ఈవిడే అయ్యుండాలి. డాక్టరమ్మ వద్దంది. వినలేదు.

నిచ్చెన మేస్త్రి మంచం ఆయనకి చాలక కాళ్ళు బయటికున్నాయి. రంగులక్క మంచం పక్కన నిలబడి, నీళ్ళు నమలకుండా జరిగింది జరిగినట్టు చెప్పింది. తన వల్ల ఆయన కాలు పోయేదని కూడా చెప్పింది. ఆయన పైకప్పు వైపు చూస్తూ విన్నాడు.

"తడి మీద రంగేశారా అక్కా?"

"వేశాను."

"అంత చెప్పాను కదా, తొమ్మిది రోజులు!" అని నవ్వాడు. నవ్వితే కుట్లు లాగి "అబ్బా" అన్నాడు. రంగులక్క నవ్వలేదు. ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు. నేను చూడటం అదే మొదలు.

"మరి మళ్ళీ వస్తుందా?" అన్నాడు.

"రావచ్చు. రాదని నేను చెప్పను. వస్తే చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోవాలి. ఒక్క స్కాన్ కూడా ఎగ్గొట్టకూడదు."

"చెమ్మ పట్టిన గోడే అన్నమాట. ఏటా చెయ్యి ఆనించి చూసుకోవాల్సిందే" అన్నాడాయన.

ఆ శనివారం తప్పుల పుస్తకంలో తన పేజీ ఆవిడ గట్టిగా, ఒక్క మాట మింగకుండా చదివింది. నాది నేను చదివాను. ఏడుపు రాలేదు.

మూడేళ్ళు ఆయన స్కాన్ తేదీలు మా గోడ మీద, ఆయనే వేసిన రంగు మీద, పెన్సిలుతో రాసి ఉండేవి. తేదీ దాటితే రంగులక్క ఫోను చేసేది. ఆయన ఎక్కడో నిచ్చెన మీదుండి "వస్తున్నా తల్లీ, దిగనియ్యి" అనేవాడు. ఆవిడ రిటైరవడానికి రెండు నెలల ముందు స్కాన్లో ఒక చుక్క కనిపించింది. తొడ వెనకే. స్కాన్ చూసి ఏ వైపుదో తేల్చడం కష్టం, తీసి చూడాల్సిందే అన్నారు.

మా ల్యాబులో ఎవరూ పైకి అనలేదు గానీ అందరి మనసులో ఒకటే మాట. ఆ రోజు అంచు శుభ్రంగా ఉందన్నది నిజమేనా? ఆవిడ పట్టుపట్టడం వల్లే లోపల మిగిలిపోయిందా? రంగులక్క తప్పుల పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది.

"అది నరం వైపు నుంచి వచ్చినదైతే నా పేరు మళ్ళీ రాయాలి. అప్పుడు నా చెయ్యి ఆడకపోవచ్చు. నువ్వు రాయి" అంది.

గడ్డ వచ్చింది. శనగగింజంత. చుట్టూ మంచి కండతో కలిపి వెడల్పుగా తీశారు. ఏ వైపు ఏదో తెలిసేలా సర్జను గడ్డకి కుట్టి పంపిన దారాల్ని బట్టి చూస్తే నరం వైపుది కాదు. మొదట్లో చిన్న ఆసుపత్రిలో పరీక్ష లేకుండా పారేసిన గడ్డ ఉందే, ఆ పాత మచ్చ కిందది. నేను ఆత్రంగా చెప్పబోయాను. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"దారాలు చెప్తే చాలదు. స్లైడు చెప్పాలి. కుంచె నువ్వు తీసుకో."

"నేనా?"

"రెండు నెలల తర్వాత ఎవరు తీసుకుంటారు?"

కాగితం తీసి గడ్డని ఒత్తాను. తిప్పి ఒత్తాను. మళ్ళీ కొత్త కాగితం. కుంచె మీదికి చెయ్యి వెళ్ళింది. ఆవిడ ఏమంటుందో అని ఆగాను. గోడకి అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది. కుంచె కింద పెట్టి ఇంకో కాగితం తీసి, పాత మచ్చ వైపు, నరం వైపు, చీలికలుండే ప్రతి మూలా నెమ్మదిగా ఒత్తాను. ఈసారి కాగితం పొడిగా వచ్చింది.

"ఆరిందా?" అంది.

"ఆరిందక్కా."

రోగం పాత మచ్చ కిందదేననీ, ఏ రంగు దరిదాపులకీ పోలేదనీ నాలుగో రోజున డాక్టరమ్మ చెప్పింది. బుద్ధి మారిన చోటు ఒక్కటీ లేదు. తప్పుల పుస్తకం ఆ రోజంతా నా బల్ల మీదే ఉంది. సాయంత్రం ఆవిడే దాన్ని తీసి అరలో పెట్టి, గోడ మీద పెన్సిలుతో రాబోయే స్కాన్ తేదీ రాసింది.